టగ్గుకీ బార్జీకీ మధ్య

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సండేస్కూలు పిల్లల్ని సాగర్‌కి బోటు షికారుకు తీసుకెళ్ళాం. మల్కాజ్‌గిరి నుంచి బస్సులో పిల్లలు, పులిహోర డబ్బాలు, ఒక డోలక్, నేను. ఇలాంటి వాటికి నన్ను తప్పకుండా రమ్మంటారు. నేను ఎవరినీ కేకలెయ్యను. ఏ సీటు మిగిలితే అందులో సర్దుకుంటాను. సంచిలో ఒక పుస్తకం ఉంటుంది కాబట్టి నాతో ఎవరూ మాట్లాడకపోయినా నాకు ఇబ్బంది లేదు, వాళ్ళకీ లేదు.

బోటు నడిపే ఆయన నారింజరంగు జాకెట్లు పంచాడు.

"అందరు కట్టుకున్నరా? జెర గట్టిగ కట్టుండ్రి. పెద్ద లాంచీ పక్కకెల్లి పోతే అల లేస్తది, పరేషాన్ కాకుండ్రి. ఎవ్వరు లేచి నిలబడొద్దు. మీల ఎవరికన్న పడవ నడుపుడు వస్తదా?"

పిల్లలందరూ చేతులెత్తారు. నేను ఎత్తలేదు.

ఆయన తాడు విప్పి, ఇంజను తాళం తిప్పబోతుంటే మా సండేస్కూలు ఆంటీ, "భయ్యా, ఒక్క నిమిషం ఆగు. ప్రేయర్ చేస్కోని పోదం" అంది. పిల్లలు జాకెట్ల మీదుగా చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. బోటు మెల్లగా గట్టు వదిలి జరుగుతోంది. అవతల రెండంతస్తుల లాంచీ జనంతో మలుపు తిరుగుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పక్కనున్న పిల్ల నా మోచేతిని పొడిచింది. "అక్కా, నువ్వు కళ్ళు మూస్కోలే."

"మరి నువ్వెలా చూశావు?"

"నేను ఒక్క కన్నే తెరిచిన."

రెండు కళ్ళూ తెరిచిన నేరం నాదే కాబట్టి ఊరుకున్నాను. రాత్రి డైరీలో పులిహోరలో ఉప్పు తక్కువైందని రాశాను, పిల్లలు పాడిన పాటల గురించి రాశాను. ఆ తరవాత పెన్ను కదల్లేదు. డీజిలు వాసన ఇంకా ముక్కులోనే ఉంది. ఆ వాసన సాగర్‌ది కాదు.

*

మా అమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అప్పట్లో అక్కడికి వచ్చే ఓడలు లోతు చాలక దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. ఊరి మధ్య నుంచి సముద్రంలోకి పోయే ఉప్పుటేరు గుండా వాటికి బియ్యం బస్తాలు మోసుకెళ్ళేవి బార్జీలు. బార్జీ అంటే ఇనప పడవ, ఇంటి కంటే పెద్దది. ఇంజను ఉండదు. ముందు దాన్ని లాగే చిన్న ఇంజను పడవ, టగ్గు, దానికి కట్టిన లావుపాటి తాడు, ఆ తాడు చివర బార్జీ, దాని వెనక ఇంకో బార్జీ. పగలంతా ఇవి మా అమ్మమ్మ ఇంటి పెరటి వెనక నుంచి గోడలు నడిచినట్టు నడిచి పోతుండేవి.

వేసవి సెలవులివ్వగానే సికింద్రాబాద్ స్టేషన్లో రాత్రి రైలెక్కించేవారు మమ్మల్ని. మమ్మల్ని అంటే నన్నూ, అక్కనీ. అక్క మా పెద్దమ్మ కూతురు, వాళ్ళది మారేడ్‌పల్లి. వాళ్ళింట్లో ఫ్రిజ్‌కి కూడా కుచ్చుల గుడ్డ కప్పుతారు. తెల్లారి దిగగానే అక్క ముక్కు మూసుకునేది. బురద, ఎండుచేప, తడిసిన గోనె, డీజిలు, అన్నిటి మీదా ఉప్పు. నాకు ఆ వాసన ఇష్టం. అక్క నవ్వుతుందని ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మమ్మ బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. ఊళ్ళో అందరికీ టీచరమ్మగారు. ఉప్పుటేటికి అవతలి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట ఉంది, అందులో రేకుల కప్పు వేసిన చిన్న చర్చి. ఆదివారం పొద్దున్నే అమ్మమ్మ అక్కడికి వెళ్ళి పిల్లలకి బైబిలు కథలు చెప్పేది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళని కూర్చోబెట్టి చదువు నేర్పేది. వంతెన మీదుగా వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. అందుకని దోనె అనే చిన్న పడవలో వెళ్ళేది. అది తాతయ్య దోనె. ఆయన పోయాక అమ్మేద్దామన్నారట. అమ్మమ్మ ఒప్పుకోకుండా ఆ వయసులో తెడ్డు పట్టడం నేర్చుకుంది. తెల్లచీర కొంగు నడుముకి దోపి, దోనె వెనకవైపు కూర్చుని, చప్పుడు కాకుండా నీళ్ళని నెట్టేది.

మాకు ఇప్పటిలా జాకెట్లు లేవు. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాలు మా ఇద్దరి నడుములకీ కట్టేది. అక్కకి అవంటే చచ్చేంత సిగ్గు.

"అమ్మమ్మా, మారేడ్‌పల్లిలో వాళ్ళెవరైనా చూస్తే?"

"మారేడ్‌పల్లి నించి ఇక్కడికి కనపడదులేవే. కట్టించుకో."

దోనె చివర ఒక కర్ర, కర్రకి ఎర్ర తువ్వాలు. మనం ఉన్నామని అవతలి వాడికి తెలియాలి కదా అనేది. దారిలో పాఠాలు చెబుతూనే ఉండేది. బడి మానేసినా పాఠం మానలేదని మావయ్య వేళాకోళం చేసేవాడు.

"పెద్దదానికి బ్రేకులుండవే అమ్మడూ. నిన్ను చూసి ఆగుదామనుకున్నా ఆగడం దానికి చేతకాదు. ఆగడం నీ పని. టగ్గు మీద చక్రం పట్టుకున్నవాడి మొహం నీకు కనపడలేదా, నువ్వూ వాడికి కనపడవు. టగ్గు వెళ్ళిపోయింది కదా అని దాటెయ్యకు. వెనకాల తాడుంటుంది. నీళ్ళలో మునిగి ఉంటుంది కాబట్టి అక్కడేం లేదనిపిస్తుంది. టగ్గుకీ బార్జీకీ మధ్య ఎంత ఖాళీ కనపడినా అది ఖాళీ కాదు. ఆఖరి బార్జీ వెళ్ళాలి, దాని అల కూడా వెళ్ళాలి, అప్పుడు దాటాలి."

"రైల్వే గేటులాగా అన్నమాట" అంది అక్క.

"రైలైతే పట్టాల మీదే పోతుంది. ఇది అలా కాదు, ఊగుతుంది. ఏ పక్కకి ఊగుతుందో దానికే తెలీదు."

ఏటవాలుగా పోకూడదు, అడ్డంగా పోవాలి. కాలవ నడుమ ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. అల వస్తే దోనె ముక్కు దానికే చూపించాలి, పక్క చూపిస్తే పడేస్తుంది. ఇవన్నీ నాకు ఎక్కాల్లా వచ్చేశాయి. నలుగురిలో నా పేరు చెప్పడానికే నాకు గొంతు పెగిలేది కాదు. తెడ్డు పట్టుకుంటే మాత్రం ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అమ్మమ్మ నా వెనక కూర్చుని, "నీ చెయ్యి నిదానం. నీకొస్తుంది" అనేది. అక్క తొందరపడి నీళ్ళు చిమ్మితే, "నీది వంటచెయ్యే తల్లీ, చారు కలుపుతున్నావు" అనేది.

బయల్దేరే ముందు ప్రార్థన. దోనె తాడు పెరటి వెనక రేవు మెట్ల దగ్గర ఇనప కడియానికి కట్టే ఉండేది. తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని అమ్మమ్మ కళ్ళు మూసుకునేది. ఆమె ప్రార్థన చిన్నది కాదు. బంధువులందర్నీ వయసు వరసలో తలచుకునేది. తరవాత జబ్బుపడినవాళ్ళు, పరీక్షలు రాసినవాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు. ఆ తరవాత దూరంగా లంగరేసిన ఓడల్లో వాళ్ళు. "వాళ్ళ భాష నాకు రాదు ప్రభువా, నీకొచ్చు" అనేది. ఆ మాట కోసం నేను ఎదురుచూసేదాన్ని. అది వచ్చిందంటే ప్రార్థన అయిపోవచ్చిందన్నమాట.

ఆలోపు మాకు వేరే పని ఉండేది. పేట పిల్లల కోసం అమ్మమ్మ రేకుడబ్బాలో గులాబీ పువ్వులు పెట్టుకొచ్చేది. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి, పువ్వు అచ్చుతో నూనెలో వేయించినవి. డబ్బా అక్క ఒళ్ళో ఉండేది. అక్క మంచిది, కళ్ళు తెరిచేది కాదు, మూత మాత్రం కాస్త వదులు చేసి ఉంచేది. తీసేది నేను. కొరికితే కరకరమంటుంది కనుక నోట్లో పెట్టుకుని మెత్తబడేదాకా ఉంచాలి. ఆమేన్ అనేసరికి మింగెయ్యాలి.

*

ఆ ఆదివారం మేం దోనెలో కూర్చునేసరికి మెట్ల దగ్గరికి ఐసు వేసుకున్న పడవొకటి వచ్చింది.

"టీచరమ్మగారండీ, కూసింత పక్కకి తీత్తారా? ఐసు కరిగిపోతందండీ."

"ఎందుకు తియ్యనూ, రా నాయనా" అంటూ అమ్మమ్మ తాడు విప్పి, రెండు తెడ్లు వేసి దోనెని పక్కకి జరిపింది. తాడు మళ్ళీ కట్టడానికి అక్కడ కడియం లేదు. ప్రార్థన చెయ్యకుండా బయల్దేరడం ఆమె ఎరగదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కళ్ళు మూసుకుంది.

అది ఆటు సమయం. నీళ్ళన్నీ సముద్రం వైపు లాగుతున్నాయి.

నేను డబ్బాలోంచి ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను. తల ఎత్తి చూస్తే మా పెరటి గోడ ఉండాల్సిన చోట ఐసు ఫ్యాక్టరీ గోడ ఉంది. అమ్మమ్మ గొంతు నెమ్మదిగా సాగుతోంది. మా ముందు నుంచి టగ్గు వెళ్ళిపోతోంది. దాని వెనక నీళ్ళు ఖాళీగా, నున్నగా ఉన్నాయి. నడి కాలవలోకి కొట్టుకొచ్చిన మేం తిన్నగా ఆ ఖాళీలోకి పోతున్నాం. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు. నోట్లో గులాబీ పువ్వు ఇంకా మెత్తబడలేదు.

అప్పుడు తాడు పైకి లేచింది. ఏమీ లేని నీళ్ళలోంచి, మా దోనె ముక్కుకి కాస్త అవతల, నీళ్ళు కారుస్తూ, బిగుసుకుంటూ లేచింది.

"అమ్మమ్మా!"

నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలీదు. అమ్మమ్మ కళ్ళు తెరిచింది. అయ్యో అనలేదు, ప్రభువా అనలేదు. తెడ్డుని నిలువుగా నీళ్ళలో దించి రెండు చేతులతో బిగించి పట్టుకుంది. దోనె ఆ తెడ్డు చుట్టూ గిర్రున తిరిగింది. "పడుకోండి" అని, వెనక్కి వెనక్కి నాలుగైదు తెడ్లు వేసింది. ఆమె మోచేతుల దగ్గర నరాలు అంత పైకి తేలడం నేనెప్పుడూ చూడలేదు. మా మీద నీడ పడింది. తుప్పుపట్టిన ఇనప గోడ, దానికి అంటుకున్న గుల్లలు, ఎండకి కాగిన వేడి, బియ్యం వాసన. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నుంచి బార్జీ వెళ్ళింది. పైన బస్తాల మీద కూర్చున్న మనిషి తల పట్టుకుని అరుస్తున్నాడు.

"ఇదేటండీ టీచరమ్మగారూ! కళ్ళు మూసుకుని వచ్చేత్తే ఎలాగండీ బాబూ!"

"తప్పు నాదే నాయనా, నువ్వెళ్ళు" అంది అమ్మమ్మ. వెంటనే నాతో, "ముక్కు అలకి పెట్టు. నువ్వూ వెయ్యి" అంది. నేనూ చిన్న తెడ్డు వేశాను. అల మమ్మల్ని ఎత్తి దించింది. రెండో బార్జీ వెళ్ళింది. దాని అల కూడా వెళ్ళింది. అప్పుడు అమ్మమ్మ రెండు వైపులా చూసి, అడ్డంగా, తిన్నగా, అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళింది.

అక్కడ ఎప్పటిలాగే కథ చెప్పింది. ఒకామె పలక మీద రాసిన పేరు దిద్దింది. తిరుగు ప్రయాణానికి దోనెలో కూర్చున్నాక, తాడు విప్పకుండా అంది: "తాడు విప్పాక కళ్ళు మూసుకోవడం నా తప్పు. ఇంకెప్పుడైనా మెట్ల మీద చోటు లేకపోతే ఇంట్లోనే చేసుకుని వద్దాం." తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, "ఇందాక ఎవరిదాకా వచ్చానే?" అని అడిగింది.

"మావయ్య దాకా" అన్నాను.

అక్కడి నుంచి మొదలుపెట్టి మిగిలినవాళ్ళందర్నీ పూర్తి చేసింది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో మాకు ఒక్క మాట అనలేదు.

*

మావయ్యది సరుకు ఎగుమతి చేసేవాళ్ళ ఆఫీసులో ఉద్యోగం. ఆ రోజు ఓడ లోడింగు ఉండడంతో ఆదివారమైనా వెళ్ళాడు. సాయంత్రం స్కూటరు దిగేటప్పటికే ఆయన మొహం మామూలుగా లేదు. మాకోసం తెచ్చిన కాజాల పొట్లం బల్ల మీద పెట్టి నేరుగా పెరట్లోకి వచ్చాడు. అమ్మమ్మ పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది.

"ఏంటమ్మా నేను విన్నది? ఒకడు నువ్వు నిద్రపోయావంటాడు. ఒకడు గుండె పట్టుకుని ఒరిగిపోయావంటాడు."

"నిద్రా కాదు, గుండే కాదు. ప్రార్థన చేసుకుంటున్నాను."

"నడి కాలవలోనా?"

"మొదలెట్టింది నడి కాలవలో కాదురా."

ఇంకోరోజైతే మావయ్య ఈ మాటకి పడీ పడీ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. అక్క వైపు తిరిగాడు. అక్క, "నేను కళ్ళు మూసుకున్నాను మావయ్యా, ఏం చూడలేదు" అంది. అది నిజమే. ఆయన నా వైపు తిరిగాడు. నేను అమ్మమ్మని చూశాను.

"చెప్పమ్మా. చూసింది చెప్పు" అంది అమ్మమ్మ, రొయ్య తల గిల్లుతూ.

"అమ్మమ్మ కళ్ళు మూసుకునే ఉందా?"

"ఆఁ."

"దోనె కొట్టుకుపోతోందా?"

"ఆఁ."

"టగ్గుకీ బార్జీకీ మధ్యలోకా?"

"ఆఁ."

"నువ్వు అరిస్తేనే కళ్ళు తెరిచిందా?"

"ఆఁ."

ఆయన ఇంకేం అడగలేదు. దోనెని తిప్పింది ఎవరని అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు ఏమందని అడగలేదు. ఇన్ని వేసవుల్లో మేం ఎప్పుడైనా కనీసం తడిశామా అని అడగలేదు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోవడం నా స్వభావం. అడగనిదాన్ని నోరు తెరిచి చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. ఆ రోజు గొంతులో ఆ మాటలన్నీ ఉన్నాయి. పొద్దున అరిచిన గొంతే. అది మళ్ళీ లేవలేదు.

మావయ్య గుమ్మంలో కూలబడ్డాడు. "బార్జీ కింద పోయినవాళ్ళని బయటికి తియ్యడం నేను చూశానమ్మా" అన్నాడు. "నువ్వు చూళ్ళేదు. నేను చూశాను. ఇంక నువ్వు తెడ్డు ముట్టుకోవద్దు. నీకు దణ్ణం పెడతాను."

అమ్మమ్మ చాలాసేపు రొయ్యలు వలిచింది. చివరికి, "సరేలేరా" అంది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

మావయ్య నన్ను దగ్గరికి తీసుకుని పొట్లం విప్పాడు. "నువ్వు చూడబట్టి బతికారే" అని నా చేతిలో కాజా పెట్టాడు. కొరికితే పాకం గడ్డం మీదుగా కారింది. తిన్నాను. ఇంకోటి ఇస్తే అదీ తిన్నాను.

రాత్రి పక్కలో అక్క గుసగుసగా, "ఎందుకు చెప్పావే?" అంది.

"అడిగాడు కదా."

"చూడలేదంటే సరిపోయేది. నేనన్లేదూ?"

"నువ్వు నిజంగానే చూడలేదుగా."

"పోవే, సాక్షి" అని అటు తిరిగి పడుకుంది.

*

ఇప్పుడా ఊళ్ళో ఓడలు జెట్టీ దాకా వచ్చేస్తున్నాయి. బార్జీలు ఒడ్డున తుప్పు పడుతున్నాయట. పేట దగ్గరే కొత్త వంతెన వేశారు, ఆటోలో అయిదు నిమిషాలట. అమ్మమ్మ లేదు. మావయ్య ఇక్కడికి ఎప్పుడొచ్చినా, చుట్టాలందరి ముందూ నా తల మీద చెయ్యి వేసి, "ఆ రోజు ఇది కళ్ళు తెరవబట్టి" అని మొదలుపెడతాడు. అందరూ నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. నేను తల వంచుకుంటాను. సిగ్గనుకుంటారు. నేను చేసింది తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు. అని ఉంటే వాదించేదాన్నేమో, వాదిస్తూ మిగతాది కూడా చెప్పేసేదాన్నేమో.

ఆ వేసవిలో, ఆ వారంలోనే, దోనెని మావయ్య పేటలో ఒకాయనకి ఇచ్చేశాడు. ఆదివారాలు అమ్మమ్మని అటూ ఇటూ దాటించాలని ఒప్పందం. మరుసటి ఆదివారం ఆయన వచ్చాడు. నవ్వుమొహం, మంచి కండబలం. మమ్మల్ని వెళ్ళనివ్వలేదు కాబట్టి నేనూ మావయ్యా మెట్ల మీద నిలబడ్డాం. ఎర్ర తువ్వాలు కర్రకి లేదు, ఆయన తలకి చుట్టుకున్నాడు.

అమ్మమ్మ అలవాటుగా వెనక్కి నడవబోయింది.

"మీరు మద్దిన కూకోండి టీచరమ్మగారూ. మారాణీలాగ తీసుకెల్తాను, ఆయ్" అన్నాడాయన.

మధ్యలో కూర్చుంది. బైబిలు ఒళ్ళో పెట్టుకుంది. చేతులు దాని మీద పెట్టింది, తీసి దోనె అంచుల మీద పెట్టింది, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంది. ఆయన ఒక్క నెట్టు నెట్టి, మా వైపు తిరిగి చెయ్యి ఊపుతూ, ఏదో పాట అందుకుని, ఏటవాలుగా కాలవలోకి పోనిచ్చాడు. అమ్మమ్మ వీపు నిటారుగా ఉంది. ఎడమవైపు చూసింది. కుడివైపు చూసింది. మళ్ళీ ఎడమవైపు, ఎక్కువసేపు చూసింది. ఆమె ఏదో అంది, ఆయన నవ్వాడు. ఆ దోనెలో దారి చూస్తున్నది ఆమె ఒక్కతే.

మావయ్య పెద్దగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య. ఇంక మనకి భయం లేదు, కదే?" అన్నాడు.

నేను తలూపాను.